లా, ఇంటర్నేషనల్ బిజినెస్ కలిపి చదవాలంటే: కర్నూలు, అనంతపురం, కడప విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించింది. అక్టోబరులో రెండు రకాలకు మాత్రం సడలింపు ఇచ్చింది. ఒకటి బెంగళూరు రోజ్, రెండోది మన కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లి. ఒక్కో రకానికి పది వేల టన్నుల పరిమితి పెట్టారు. 2021 మార్చి 31 లోపు, అదీ చెన్నై ఓడరేవు నుంచే పంపాలి. పంపే సరుకు ఏమిటో, ఎంతో ఉద్యాన శాఖ సర్టిఫై చేయాలి. నోటిఫికేషన్ చూస్తే చిన్నదే. కానీ అది చేతిలో పెట్టుకుని కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పగల మనిషి కావాలి. మన సరుకు ఈ షరతుల్లోకి వస్తుందా? సింగపూర్ వ్యాపారితో ముందే రాసుకున్న ఒప్పందం గతేమిటి? సరుకు ఆగిపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? లా మాత్రమే చదివినవాడికి ఓడరేవులో ఏం జరుగుతుందో తెలియదు. బిజినెస్ మాత్రమే చదివినవాడికి సెక్షన్ తెలియదు.

ఈ రెండూ తెలిసిన మనిషి కావాలంటే ఏం చదవాలి, ఏ వరుసలో చదవాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సర్టిఫికెట్ మీద 'ఇంటర్నేషనల్ బిజినెస్' అని ఉండాలని లక్షలు ఖర్చు పెట్టాల్సిన పని లేదు. రెండు చదువులూ కలిసేది ఒక్క చోటే. అది అమ్మకపు ఒప్పందం, దాని వెంట నడిచే కాగితాలు. ఆ కాగితాలను చదవడం, తప్పు పట్టడం, సరిగ్గా రాయడం నేర్పే చదువు ఏ కాలేజీలో దొరికినా మంచిదే. అక్కడ నేర్పకపోతే మీరే నేర్చుకోవాలి.

మొదటి అడుగు: దారి తేల్చుకోండి

ఇంటర్‌లో ఏ గ్రూప్ తీసుకున్నా లా చదవొచ్చు. బైపీసీ చదివి నీట్ రాలేదని దిగులు పడుతున్నవాళ్లకూ ఈ దారి ఉంది. లా చదువునూ లాయర్ల వృత్తినీ నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం జనరల్ వాళ్లకు 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉంటే చాలు. ఆపైన మీ ముందు నాలుగు దారులు ఉంటాయి.

మొదటిది ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. ఇందులో బీబీఏ ఎల్ఎల్‌బీ లేదా బీకాం ఎల్ఎల్‌బీ మన విషయానికి దగ్గరగా ఉంటాయి. కటక్‌లోని నేషనల్ లా యూనివర్సిటీలో బీబీఏ ఎల్ఎల్‌బీ, తిరుచిరాపల్లిలోని తమిళనాడు నేషనల్ లా యూనివర్సిటీలో బీకాం ఎల్ఎల్‌బీ ఉన్నాయి. ఐఐఎం రోహ్‌తక్ కూడా మేనేజ్‌మెంట్, లా కలిపి ఐదేళ్ల కోర్సు నడుపుతోంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, ఫీజు ఇంకా ఎక్కువ.

రెండోది, ముందు బీబీఏ గానీ బీకాం గానీ చేసి, ఆ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ. మొత్తం ఆరేళ్లవుతుంది. కర్నూలులో ప్రసూన్న లా కాలేజీ, అనంతపురంలో శ్రీ విజయనగర్ లా కాలేజీ లాంటివి ఇంటి దగ్గరే ఉన్నాయి. హాస్టల్ ఖర్చు ఉండదు. మన ప్రాంతంలోని ఎక్కువ కుటుంబాలకు ఇదే సరైన దారి అని నా ఉద్దేశం. ఒక ఏడాది ఎక్కువ పట్టినా, డిగ్రీలో అకౌంట్స్ బాగా వచ్చి ఉంటుంది. లా క్లాసులో బ్యాలెన్స్ షీట్ చూసి బెదిరిపోని విద్యార్థి అరుదు.

మూడోది, లా పూర్తి చేసి ఆ తర్వాత ఎంబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ చేయడం. దీనికి పేరున్న సంస్థ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్. దాని క్యాంపస్ మన రాష్ట్రంలోనే కాకినాడలో ఉంది.

నాలుగోది విదేశాల్లో 'లా విత్ ఇంటర్నేషనల్ బిజినెస్'. బ్రిటన్‌లో ఇంటర్ తర్వాత మూడేళ్లలో అయిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు ఊరిస్తారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. ఇక్కడి నిబంధనల్లో లా డిగ్రీ అంటే ఇంటర్ తర్వాత ఐదేళ్లు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్లు చదివినది. ఇంటర్ మీద మూడేళ్లే చదివి వస్తే నల్లకోటు వేసుకోవడానికి అదనపు చదువు, ఆపైన అర్హత పరీక్ష తప్పవు. తిరిగొచ్చి కోర్టులో ప్రాక్టీస్ చేయాలనుకుంటే డబ్బు కట్టకముందే ఆ యూనివర్సిటీ డిగ్రీకి బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

ఇంకో హెచ్చరిక. రెగ్యులర్ ఎల్ఎల్‌బీ చదువుతూ, పక్కనే ఇంకో రెగ్యులర్ డిగ్రీ లేదా ఎంబీఏలో చేరడానికి బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. దూరవిద్యలో చేసే కోర్సులకు, భాష, కంప్యూటర్ సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం మినహాయింపు ఉంది. మూడేళ్ల ఎల్ఎల్‌బీలో ఉన్నవాళ్లు ఈ వెసులుబాటును వాడుకోవచ్చు. మీరు అప్పటికే గ్రాడ్యుయేట్లు కాబట్టి ఇగ్నోలో ఇంటర్నేషనల్ బిజినెస్ ఆపరేషన్స్ పీజీ డిప్లొమా లాంటిది దూరవిద్యలో చేసుకోవచ్చు. ఎల్ఎల్‌బీని మాత్రం దూరవిద్యలో చేయడం కుదరదు. అలా ఇప్పిస్తామని ఎవరైనా చెబితే ఫోన్ పెట్టేయండి.

రెండో అడుగు: ఎంట్రన్స్

రాష్ట్రంలోని లా కాలేజీల ఎంట్రన్స్ ఏపీ లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30, కరెంట్ అఫైర్స్‌కు 30, లా ఆప్టిట్యూడ్‌కు 60 మార్కులు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. అర్హతకు 35 శాతం అంటే 42 మార్కులు చాలు, కానీ మంచి కాలేజీలో కన్వీనర్ కోటా సీటు కావాలంటే ర్యాంకు రావాలి. రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, కాంట్రాక్ట్ చట్టం, టార్ట్స్ (ఒప్పందం లేకపోయినా ఒకరి తప్పు వల్ల జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే చట్టం) మౌలికాంశాలు గట్టిగా చదివితే ఆ 60 మార్కుల భాగం లొంగుతుంది.

నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్ క్లాట్ వేరే రకం పరీక్ష. అదీ 120 ప్రశ్నలే, కానీ రెండు గంటలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. మొత్తం ఇంగ్లీషులో పేరాలు ఇచ్చి, చదివి జవాబు రాయమంటారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంటర్ మొదటి సంవత్సరంలోనే మొదలుపెడితేనే దీని జోలికి వెళ్లండి. మూడు నెలల క్రాష్ కోర్సుతో చట్టం మీద జ్ఞానం వస్తుందేమో గానీ చదివే వేగం రాదు.

మూడో అడుగు: మొదటి ఏడాది బేర్ యాక్ట్ పట్టుకోండి

లా కాలేజీల్లో ఒక జబ్బు ఉంది. గైడు కొనడం, పరీక్షకు పది రోజుల ముందు తెరవడం. పాస్ అవుతారు కూడా. కానీ నాలుగో ఏడాది వచ్చేసరికి సెక్షన్ చదివితే అర్థం కాదు, గైడు చెప్పిందే చట్టం అనుకుంటారు.

బేర్ యాక్ట్ అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకం. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ బేర్ యాక్ట్ కొనండి. కొనకపోయినా ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. 1 నుంచి 75 వరకు సెక్షన్లు మొదటి సెమిస్టర్‌లో మూడుసార్లు చదవాలి. ఆ తర్వాత పుస్తకం 124కి దూకుతుంది. మధ్యలోని 76 నుంచి 123 వరకు ఉన్నవి సరుకుల అమ్మకానికి సంబంధించినవి. వాటిని అక్కడి నుంచి తీసేసి 1930లో సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ పేరుతో విడి చట్టం చేశారు. కాబట్టి ఆ రెండు చట్టాలను ఒకే పుస్తకంలా చదవండి. సిలబస్‌లో వేరే సెమిస్టర్లలో పెట్టినా సరే.

చదివేటప్పుడు ప్రతి సెక్షన్‌కూ మూడు పనులు చేయండి. సెక్షన్‌లోని షరతులను విడివిడిగా రాసుకోవడం, చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ చదవడం, ఆ ఉదాహరణలోని సరుకు తీసేసి వేరుశనగో పత్తో పెట్టి మీ మాటల్లో తెలుగులో చెప్పుకోవడం. తెలుగులో చెప్పలేకపోతున్నారంటే అర్థం కాలేదన్నమాటే. పరీక్ష ఏ భాషలో రాసినా, రేపు చేతికొచ్చే ఒప్పందాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. అందుకని రోజుకు ఒక పేజీ తీర్పు ఇంగ్లీషులో పైకి చదవండి. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. మొదట్లో రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే టెన్షన్ తగ్గుతుంది.

అటెండెన్స్ సంగతి రెండు ముక్కల్లో: ప్రతి సబ్జెక్టులో 70 శాతం ఉండాలి. పరీక్షలకు మాత్రమే వచ్చే అలవాటుతో ఈ చదువు సాగదు.

నాలుగో అడుగు: ఒక్క కేసును పూర్తిగా పిండండి

పది కేసుల పేర్లు బట్టీ పట్టడం కంటే ఒక్క కేసును మొదటి కాగితం నుంచి చివరి తీర్పు దాకా వెంబడించడం మేలు. దానికి వేరుశనగ సీమవాళ్లకు తగిన కేసు ఒకటుంది: నాఫెడ్ వర్సెస్ అలిమెంటా, సుప్రీంకోర్టు, 2020 ఏప్రిల్ 22.

కథ 1980లో మొదలవుతుంది. వ్యవసాయ సహకార మార్కెటింగ్ సంస్థల జాతీయ సమాఖ్య నాఫెడ్ ఐదు వేల టన్నుల హెచ్‌పీఎస్, అంటే చేత్తో ఏరిన వేరుశనగ, విదేశీ సంస్థ అలిమెంటాకు పంపడానికి ఒప్పుకుంది. 1,900 టన్నులు వెళ్లాయి. సౌరాష్ట్రలో పంట దెబ్బతినడంతో మిగతాది ఆగింది. మిగిలిన సరుకును తర్వాతి సీజన్‌లో పంపేలా ఒప్పందానికి అనుబంధం రాసుకున్నారు. అలా పాత కోటాను కొత్త సీజన్‌కు మోయడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. అలిమెంటా ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికి, వెళ్లి గెలిచింది. ఆ అవార్డును, అంటే మధ్యవర్తి తీర్పును, భారత్‌లో అమలు చేయించే పోరాటం నలభై ఏళ్ల తర్వాత సుప్రీంకోర్టులో ముగిసింది. ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగుమతి చేస్తే చట్టాన్ని మీరినట్టే అవుతుంది, ఒప్పందంలోనే అలాంటి పరిస్థితికి రద్దు షరతు ఉంది, కాబట్టి అవార్డు ఇక్కడ అమలు కాదని కోర్టు తేల్చింది.

ఇందులో మీ ఐదేళ్ల సిలబస్ సగం ఉంది. ఈ పనులు వరుసగా చేయండి. కాంట్రాక్ట్ యాక్ట్ 32వ సెక్షన్, 56వ సెక్షన్ పక్కపక్కన పెట్టి తేడా రాయండి. ఒప్పందంలోనే 'ఫలానాది జరిగితే రద్దు' అని ఉంటే 32. ఒప్పందం ఏమీ చెప్పకపోయినా, తర్వాత వచ్చిపడిన పరిస్థితి వల్ల పని అసాధ్యమైతే 56. తర్వాత 1954 నాటి సత్యబ్రత ఘోష్ తీర్పు చదవండి. అసాధ్యం అంటే అక్షరాలా అసాధ్యం కానక్కర్లేదని అందులో ఉంది. ఆ వెంటనే 2017 నాటి ఎనర్జీ వాచ్‌డాగ్ తీర్పు తీయండి. ఖర్చు పెరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం నుంచి తప్పించుకోలేరని అది చెబుతుంది. రేటు పెరిగింది కాబట్టి ఇవ్వను అనే వ్యాపారికి మీరు ఏం చెప్పాలో ఈ రెంటి మధ్య దొరుకుతుంది. ఆపైన 1996 ఆర్బిట్రేషన్ చట్టం రెండో భాగం, 48వ సెక్షన్: విదేశీ అవార్డును ఎప్పుడు తిరస్కరించవచ్చో అక్కడ ఉంటుంది. దాని వెనక ఉన్నది విదేశీ అవార్డుల అమలు కోసం దేశాలు చేసుకున్న 1958 నాటి న్యూయార్క్ కన్వెన్షన్.

చివరగా, ఆ తీర్పుతో మీరు ఏకీభవిస్తారా లేదా ఒక పేజీ రాయండి. పబ్లిక్ పాలసీకి, అంటే దేశ మౌలిక చట్ట విధానానికి, విరుద్ధమన్న పేరుతో విదేశీ అవార్డును ఇంత తేలిగ్గా ఆపితే రేపు మనతో ఎవరు ఒప్పందం చేసుకుంటారని ఈ తీర్పును విమర్శించినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకైతే వాళ్ల మాటలో పస ఉందనిపిస్తుంది. మీరు వ్యతిరేకించినా నష్టం లేదు, కారణం సెక్షన్‌తో చెప్పగలగాలి.

ఐదో అడుగు: సరుకు వెంట నడిచే కాగితాలు

బీబీఏ సిలబస్ ఈ భాగాన్ని నిర్వచనాలతో సరిపెడుతుంది. మీరు అలా వదిలేయొద్దు.

మొదట ఇన్‌కోటర్మ్స్ 2020, అంటే అంతర్జాతీయ అమ్మకాల్లో వాడే ప్రామాణిక పదాలు. మొత్తం 11 పదాలు. సరుకు ఎక్కడిదాకా ఎవరి ఖర్చు, ఎక్కడినుంచి ఎవరి రిస్కు అని ఇవి చెబుతాయి. తడబడేది ఎక్కువగా సీఐఎఫ్ (సరుకు ధర, ఇన్సూరెన్స్, కిరాయి కలిపిన రేటు) దగ్గర. సీఐఎఫ్ దుబాయ్ అంటే దుబాయ్ దాకా కిరాయి, ఇన్సూరెన్స్ అమ్మేవాడే కడతాడు. దాంతో రిస్కు కూడా దుబాయ్ దాకా అతనిదే అనుకుంటారు. కాదు. సరుకు చెన్నైలో ఓడ ఎక్కగానే రిస్కు కొనేవాడికి మారిపోతుంది. ఇంకో చిక్కు: ఎఫ్‌ఓబీ (సరుకు ఓడ ఎక్కేదాకా అమ్మేవాడి బాధ్యత), సీఐఎఫ్ లాంటివి కంటైనర్ సరుకుకు సరిపోవు. కంటైనర్‌ను ఓడ ఎక్కకముందే టెర్మినల్లో అప్పగించేస్తారు కాబట్టి ఎఫ్‌సీఏ (రవాణాదారుకు అప్పగించేదాకా అమ్మేవాడి బాధ్యత), సీఐపీ (దాంతోపాటు కిరాయి, ఇన్సూరెన్స్ కూడా అమ్మేవాడే కట్టేది) లాంటివి వాడమని ఆ నియమాలే చెబుతున్నాయి. అయినా అలవాటు కొద్దీ అందరూ ఎఫ్‌ఓబీ అనే రాస్తారు. సరుకు ఎవరి సొంతం అన్న ప్రశ్నకు మాత్రం ఇన్‌కోటర్మ్స్‌లో జవాబు లేదు. దానికి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 19వ సెక్షన్‌కు వెళ్లాలి.

తర్వాత లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ), అంటే సరైన కాగితాలు చూపిస్తే డబ్బు ఇస్తామని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. బ్యాంకులు వాడే నియమాల పేరు యూసీపీ 600. బ్యాంకు సరుకు చూడదు, కాగితాలే చూస్తుంది. ఒక ఎల్‌సీ తీసుకుందాం. అందులో 'కర్నూల్ సోనా మసూరి రైస్, 5 పర్సెంట్ బ్రోకెన్, 100 మెట్రిక్ టన్స్' అని ఉందనుకోండి. మన వ్యాపారి కమర్షియల్ ఇన్‌వాయిస్‌లో ఒట్టి 'సోనా మసూరి రైస్' అని రాశాడు. బియ్యం అదే, బస్తా అదే. కానీ ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీకి సరిపోవాలని 18వ ఆర్టికల్ అంటుంది కాబట్టి బ్యాంకు కాగితాలు తిప్పి పంపొచ్చు. అదే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో 'రైస్' అని మాత్రమే ఉంటే ఫర్వాలేదు, ఎల్‌సీకి విరుద్ధంగా లేకపోతే చాలు. బరువు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 100 టన్నులు అని రాస్తే ఐదు శాతం అటూ ఇటూ కావచ్చు, తీసుకునే డబ్బు మాత్రం ఎల్‌సీ మొత్తాన్ని మించకూడదు. అదే సరుకును 'రెండు వేల బస్తాలు' అని రాస్తే, అంటే యాభై కిలోల లెక్కన అంతే బియ్యం, ఆ సడలింపు పోతుంది. ఒక్క బస్తా తగ్గినా తప్పే. కాగితాలు ఓడ ఎక్కిన తేదీ నుంచి 21 రోజుల్లోపు బ్యాంకుకు చేరాలి, బ్యాంకు ఐదు పనిదినాల్లో తేల్చాలి.

ఎల్‌సీ, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ నమూనాలు సంపాదించి, ఒకరు కావాలని తప్పులు పెట్టడం, ఇంకొకరు పట్టుకోవడం చేయండి. ఇద్దరు స్నేహితులు ఒక ఆదివారం కూర్చుంటే సెమిస్టర్ పాఠం అయిపోతుంది.

ఇంకో విషయం. అంతర్జాతీయ సరుకుల అమ్మకానికి 1980 నాటి వియన్నా కన్వెన్షన్ ఉంది. అమెరికా, చైనా, సింగపూర్ చేరాయి. భారత్ చేరలేదు, బ్రిటన్ కూడా లేదు. కాబట్టి ఒప్పందంలో ఏ దేశ చట్టం వర్తిస్తుంది, ఆర్బిట్రేషన్ ఏ ఊళ్లో అన్న రెండు వాక్యాలు రాయకుండా వదిలేస్తే తర్వాత ఏళ్ల తరబడి అదే వాదన నడుస్తుంది.

ఆరో అడుగు: మీ జిల్లా సరుకుతో అభ్యాసం

ఐదు సరుకులు ఎంచుకోండి. కర్నూలు బియ్యం, ఆదోని పత్తి, అనంతపురం అరటి, బేతంచెర్ల బండ, మంగంపేట బెరైటీస్ (ముగ్గురాయి). ఒక్కోదానికి హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్‌లో సరుకును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, వెతకండి. బియ్యం 1006, అరటి 0803, బెరైటీస్ 2511 కింద వస్తాయి. మిగతా రెండూ మీరు వెతుక్కోండి, బండ దగ్గర కాస్త తల నొప్పి వస్తుంది, రాయిని కోశారా, పాలిష్ పట్టారా అన్నదాన్ని బట్టి కోడ్ మారుతుంది. తర్వాత ఎగుమతి దిగుమతుల నియమాలు చూసే కేంద్ర విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో ఆ సరుకు ఎగుమతి ఫ్రీయా, ఆంక్షలున్నాయా, నిషేధమా చూడండి. గతంలో ఎన్నిసార్లు మారిందో నోటిఫికేషన్లు తిరగేయండి. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపినప్పుడు, అప్పటికే ఓడలో లోడింగ్ మొదలైన సరుకును వదిలారు. మిల్లులో సిద్ధంగా ఉన్న సరుకుకు ఆ మినహాయింపు లేదు. ఆ ఒక్క వాక్యం చదివితే, ఒప్పందంలో 'ప్రభుత్వ నిషేధం' క్లాజు ఎంత జాగ్రత్తగా రాయాలో తెలుస్తుంది.

2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకు అరటి గెలల రైలు కదిలింది. ఆ సరుకులో తోట నుంచి గల్ఫ్ దాకా ఎన్ని ఒప్పందాలు ఉండి ఉంటాయో రాసి చూడండి: రైతుతో, ప్యాక్‌హౌస్‌తో, రైల్వేతో, షిప్పింగ్ లైన్‌తో, ఇన్సూరెన్స్‌తో, కొనేవాడితో. ప్రాజెక్టు అడిగినప్పుడు నెట్‌లో దొరికిన 'గ్లోబలైజేషన్' వ్యాసం ఇచ్చే బదులు ఇది ఇవ్వండి.

ఏడో అడుగు: ఇంటర్న్‌షిప్

ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు చేయాలి. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించుకుని ఇంటికెళ్లిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఐదేళ్ల కోర్సు లెక్కన చూస్తే, మీరు మొదటి రెండేళ్లు జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూసే సీనియర్ దగ్గర కూర్చోండి. గుమాస్తాతో స్నేహం చేయండి, ఫైలింగ్ ఎలా తిప్పి పంపుతారో ఆయనకు తెలిసినంతగా లాయర్లకు తెలియదు. మూడో ఏడాది చెన్నైలోనో కృష్ణపట్నంలోనో కస్టమ్స్ బ్రోకర్ (సరుకుకు కస్టమ్స్ అనుమతులు తెప్పించే ఏజెంటు) ఆఫీసులో ఒక నెల అడగండి. లా విద్యార్థులు అక్కడికి పెద్దగా వెళ్లరు, అందుకే మీకు పని దొరుకుతుంది. నాలుగో ఏడాది అమరావతి హైకోర్టు గానీ, కంపెనీ లీగల్ విభాగం గానీ. పెనుకొండ దగ్గర కియా వచ్చాక చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. సప్లయర్ ఒప్పందాలు చూడాలంటే బెంగళూరు దాకా పోనక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: డిగ్రీ చేతికొచ్చాక

రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వాలి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్. నోట్స్ లేని బేర్ యాక్ట్స్ పరీక్ష హాల్లోకి తీసుకెళ్లొచ్చు. మొదటి ఏడాది నుంచి బేర్ యాక్ట్ తిప్పినవాళ్లకు అది భయపడే పరీక్ష కాదు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పూర్తికాలం జీతానికి ఉద్యోగం చేసేవాళ్లు అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చేయకూడదు. కంపెనీలో లీగల్ ఆఫీసర్‌గా చేరితే ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు చెప్పి ప్రాక్టీస్ ఆపాలి. పైగా 2025 మేలో వచ్చిన తీర్పు ప్రకారం సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలి. కంపెనీ ఉద్యోగంలో గడిపిన ఏళ్లు అందులోకి రావు. జడ్జి అవ్వాలన్న ఆశ మనసులో ఏ మూలనున్నా ముందు ఆ మూడేళ్లు కోర్టులో పూర్తి చేసుకోండి. కర్నూలులోనో అనంతపురంలోనో జూనియర్‌గా ఉంటూనే, సాయంత్రాలు రైస్ మిల్లులకూ పండ్ల ఎగుమతిదారులకూ ఒప్పందాలు చూసి పెట్టొచ్చు. జీతం కాకుండా ఫీజు తీసుకున్నంత కాలం నిబంధన అడ్డురాదు. ఎంబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ చేయాలనుకుంటే దానికి ఆ తర్వాత వెళ్లండి. అప్పటికి క్లాసులో ఎల్‌సీ గురించి చెప్పేటప్పుడు మీ దగ్గర అడగడానికి నిజమైన ప్రశ్నలు ఉంటాయి.